కొండ మీద కునుకు: డార్ట్‌మూర్ కేసు ఏం తేల్చింది?

పగలంతా నడిచి, రాత్రి కొండ మీద చిన్న టెంట్ వేసుకుని పడుకున్న మనిషి, ఆ నిద్రలో వినోదం పొందుతున్నట్టా, కాదా? వినడానికి తమాషాగా ఉంటుంది గానీ, ఈ ఒక్క ప్రశ్న మీద ఇంగ్లండ్‌లో మూడు కోర్టులు తర్జనభర్జన పడ్డాయి. 2023 జనవరిలో హైకోర్టు కాదంది. అదే ఏడాది జులైలో అప్పీలు కోర్టు అవునంది. 2025 మే 21న యూకే సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఒకే మాటగా అవునని తేల్చారు. దాంతో నైరుతి ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్ అనే కొండ ప్రాంతపు బయళ్లలో ఎవరినీ అడక్కుండా ఒక రాత్రి పడుకునే హక్కు ప్రజలకు మిగిలింది. ఇంగ్లండ్ మొత్తం మీద ఈ హక్కు ఉన్న చోటు అదొక్కటే. మిగతా దేశంలో ఎక్కడ టెంట్ వేసినా, చట్టం ప్రకారం భూమి యజమాని ఒప్పుకోవాల్సిందే.

ఈ కేసును చాలామంది ‘డబ్బున్న భూస్వామికీ జనానికీ గొడవ’ అన్నట్టు చెప్పారు. అందులో అబద్ధం లేదు. కానీ తీర్పులు చదువుతుంటే అసలు ముడి ఇంకోచోట కనిపిస్తుంది. కొండ ఎవరిదన్న దాని మీద ఎవరికీ పేచీ లేదు. అక్కడికి వచ్చే మనుషుల్ని ఎవరు అదుపు చేయాలి, యజమాని ఇష్టంతోనా, చట్టం రాసిన నియమాలతోనా అన్నదే పేచీ.

సొంతదారు ఉన్న ఉమ్మడి భూమి

డార్ట్‌మూర్ ఇంగ్లండ్‌కు నైరుతి మూలన డెవన్ కౌంటీలో ఉంది. దాదాపు 954 చదరపు కిలోమీటర్లు. 1951లో నేషనల్ పార్క్ అయింది. చెట్లు తక్కువ. గాలికి అరిగిన నల్లరాతి గుట్టలు, మధ్యలో కాలు పెడితే దిగబడే తడినేలలు, వాటి మధ్య సగం అడవి జంతువుల్లా తిరిగే పోనీలు అనే పొట్టి గుర్రాలు. ఈ పార్కులో మూడో వంతుకు పైగా ‘కామన్స్’ కింద లెక్కకు వచ్చే ఉమ్మడి భూములే.

ఉమ్మడి అనగానే మనవాళ్లకు పోరంబోకు గుర్తొస్తుంది, సర్కారు భూమి అనుకుంటాం. ఇది అలాంటిది కాదు. డార్ట్‌మూర్ కామన్స్‌కు సొంతదారులున్నారు. వాళ్లలో అందరికన్నా పెద్దది బ్రిటన్ యువరాజుకు చెందే డచీ ఆఫ్ కార్న్‌వాల్ ఎస్టేటు. అయితే ఆ భూమి మీద పశువుల్నీ గొర్రెల్నీ పోనీల్నీ మేపుకునే హక్కు చుట్టుపక్కల రైతు కుటుంబాలకు తరతరాలుగా ఉంది. ఆ రైతులను కామనర్లు అంటారు. సొంతదారు వాళ్లను వెళ్లగొట్టలేడు. వాళ్లు ఆ భూమిని అమ్ముకోలేరు.

మన ఊరి చెరువును తలుచుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. చెరువు ప్రభుత్వానిదో పంచాయతీదో, నీళ్లు ఆయకట్టు రైతులవి, చేపల పాట మత్స్యకారుల సొసైటీది, వేసవిలో ఒండ్రు తోలుకునేవాళ్లు వేరే. ఒకే చెరువు మీద ఇన్ని హక్కులున్నా ఎవరూ దాన్ని వింతగా చూడరు. డార్ట్‌మూర్ కొండల్లో జరిగిందల్లా ఈ వరసలోకి ఇంకో హక్కు చేరడమే. ఊరూ పేరూ లేని బాటసారి హక్కు అది.

ఆ హక్కు 1985లో వచ్చింది. డెవన్ కౌంటీ కౌన్సిల్ చొరవతో బ్రిటన్ పార్లమెంటు డార్ట్‌మూర్ కామన్స్ చట్టం చేసింది. దేశమంతటికీ కాక ఒక్క ప్రాంతానికే వర్తించే చట్టం. ముఖ్య ఉద్దేశం మేతను అదుపులో పెట్టడం. అందుకోసం కామనర్ల మండలి ఒకటి ఏర్పాటు చేసింది. దానితోపాటు పదో సెక్షన్‌లో ప్రజల గురించి ఒక వాక్యం రాసింది. ఆరుబయట వినోదం కోసం కాలినడకన, గుర్రం మీద ఈ కామన్స్‌లోకి వచ్చే హక్కు ప్రజలకు ఉంటుంది అన్నది దాని సారాంశం. గోడలు, కంచెలు, గేట్లు పాడుచేయకుండా వచ్చినవాణ్ణి అక్రమంగా చొరబడ్డవాడిగా చూడకూడదని కూడా చెప్పింది. క్యాంపింగ్ అన్న మాట మాత్రం ఆ వాక్యంలో ఎక్కడా లేదు.

చట్టం అచ్చయ్యాక దాదాపు నలభై ఏళ్లపాటు అందరూ టెంట్ కూడా అందులో ఉందనే అనుకున్నారు. నేషనల్ పార్క్ అథారిటీ నియమాలు కూడా అదే లెక్కన రాసుకుంది. రోడ్డుకు 100 మీటర్ల లోపల టెంట్ వేయకూడదు, ఒకేచోట వరుసగా రెండు రాత్రులకు మించి ఉండకూడదు. స్కూలు పిల్లలు బృందాలుగా వచ్చి, మూటాముల్లె భుజాన వేసుకుని, రాత్రి కొండ మీదే ఉండి మర్నాడు దిగే సాహసయాత్ర ‘టెన్ టోర్స్’ 1960 నుంచి అక్కడే జరుగుతోంది. ఒక తరం బ్రిటిష్ పిల్లలు మొదటిసారి అమ్మానాన్న లేకుండా టెంట్లో పడుకున్నది ఈ కొండల్లోనే అంటే అతిశయోక్తి కాదు. జనం అంతగా రగిలిపోవడానికి అదీ ఒక కారణం.

ఒక వాక్యం, మూడు కోర్టులు

డార్ట్‌మూర్ దక్షిణ అంచున దాదాపు 4,000 ఎకరాల ఎస్టేటును అలెగ్జాండర్ డార్వాల్, డయానా డార్వాల్ దంపతులు 2013లో కొన్నారు. ఆయన పెట్టుబడి నిధుల మేనేజరు. ఎస్టేటులో పశువులను మేపుతారు, పక్షుల వేట, జింకల వేట లాంటివి నడుపుతారు. వాళ్ల భూమిలో కొంత భాగం కామన్స్ కిందికి వస్తుంది. టెంట్లు వేసేవాళ్ల వల్ల నిప్పు ప్రమాదం, చెత్త, పశువులకు ఇబ్బంది ఉన్నాయనీ, 1985 చట్టం ఇచ్చింది నడిచే హక్కే గానీ పడుకునే హక్కు కాదనీ పార్క్ అథారిటీ మీద కోర్టుకెక్కారు.

వాళ్ల వాదన బలమంతా ‘కాలినడకన, గుర్రం మీద’ అన్న మాటల మీద నిలబడింది. ఆ మాటలు వినోదం ఎలాంటిదో కూడా చెబుతున్నాయి, అంటే నడవడం, స్వారీ చేయడం, అంతే అన్నారు. హైకోర్టులో సర్ జూలియన్ ఫ్లాక్స్ ఆ దంపతుల పక్షానే తీర్పిచ్చారు. ఆయన లెక్క ప్రకారం రాత్రి టెంట్లో పడుకోవడం వినోదం కాదు. మర్నాడు నడవడానికి కావాల్సిన ఒక ఏర్పాటు మాత్రమే.

తీర్పు వచ్చింది 2023 జనవరి 13న. వారం తిరిగేసరికి, 21న, దాదాపు మూడు వేల మంది ఆ ఎస్టేటు పక్కనున్న కార్న్‌వుడ్ ఊరి నుంచి స్టాల్ మూర్ బయలు మీదికి నడిచారు. ఆ చలిలో డప్పులతో, డార్ట్‌మూర్‌ను కాపాడే జానపద దేవుడు ‘ఓల్డ్ క్రాకర్న్’ బొమ్మను మోసుకుంటూ వెళ్లారు. మన జాతర ఊరేగింపులు చూసినవాళ్లకు ఆ ఫొటోలు పెద్ద కొత్తగా అనిపించవు.

అప్పీలు కోర్టు 2023 జులై 31న హైకోర్టు తీర్పును కొట్టేసింది. నాకు బాగా నచ్చిన భాగం ఇక్కడే ఉంది. నడిచి నడిచి అలసిన మనిషి మధ్యాహ్నం గడ్డి మీద ఒక కునుకు తీస్తే అది ఆరుబయట వినోదంలో భాగమే కదా. వాన పడుతోందని ఒక పట్టా కప్పుకుంటే? ఆ పట్టాను రెండు కర్రల మీద నిలబెడితే? దానికి ముందువైపు తెర దించుకుంటే? వీటిలో ఏ మెట్టు దగ్గర వినోదం కాస్తా కానిదై పోతుంది? గీత గీయడానికి చోటే లేదని న్యాయమూర్తులు గ్రహించారు. టెంట్ తెర మూసి ఉందా తెరిచి ఉందా అన్నదాన్ని బట్టి ఆరుబయట వినోదం మారిపోదన్నారు.

దంపతులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2024 అక్టోబరులో వాదనలు జరిగాయి. లార్డ్ సేల్స్, లార్డ్ స్టీఫెన్స్ కలిసి రాసిన తీర్పు మొదట భాష దగ్గరే ముడి విప్పింది. ‘కాలినడకన, గుర్రం మీద’ అన్నది లోపలికి ఎలా రావాలో చెబుతుంది, వచ్చాక ఏం చేయాలో కాదు. లేదంటే కొండెక్కి కూచుని పక్షుల్ని చూడ్డం, బొమ్మ గీసుకోవడం, భోజనం విప్పుకుని తినడం కూడా కుదరదనాల్సి వస్తుంది. చట్టం వినోదాన్ని ఏ రకంగానూ కుదించలేదు కాబట్టి కోర్టు కుదించడానికి వీల్లేదు.

రెండోది ఇంకా ముఖ్యమైనది. టెంట్లు వేసేవాళ్లను అదుపు చేసే శక్తి ఒక యజమాని కన్నా పార్క్ అథారిటీకే ఎక్కువ ఉందని కోర్టు గమనించింది. అథారిటీ నియమాలు చేయగలదు, మీరితే శిక్ష వేయించగలదు, రేంజర్లను నియమించగలదు. యజమాని ఏం చేయగలడు? అర్ధరాత్రి కొండెక్కి, పేరు కూడా తెలియని మనిషిని లేపి, వెళ్లిపొమ్మని చెప్పగలడు. వాడు వెళ్లకపోతే సివిల్ కోర్టులో దావా వేసుకోవాలి.

అనుమతి ఉంటే చాలదా?

2023 జనవరి నుంచి జులై వరకు ఆరు నెలలు డార్ట్‌మూర్‌లో హక్కు లేదు. అయినా టెంట్లు పూర్తిగా ఆగలేదు. ఎందుకంటే హైకోర్టు తీర్పు వచ్చిన కొద్దిరోజులకే పార్క్ అథారిటీ కొందరు యజమానులతో మాట్లాడి, కొంత సొమ్ము చెల్లించే పద్ధతిలో, వాళ్ల భూముల్లో క్యాంపింగ్‌కు అనుమతి తెచ్చింది. ఏయే చోట్ల వేసుకోవచ్చో మ్యాపు విడుదల చేసింది. బయటి నుంచి చూస్తే ఏమీ మారనట్టే ఉంది. అదే కొండ, అదే టెంట్. మరెందుకంత గోల?

ఎందుకంటే అనుమతి ఇచ్చినవాడు రేపు వెనక్కి తీసుకోవచ్చు. రుసుము పెంచవచ్చు. భూమి చేతులు మారితే కొత్తవాడు ఒప్పుకోకపోవచ్చు. ఆ ఆరు నెలల్లో మ్యాపులో రంగు వేసిన చోట్లు, వేయని చోట్లు అన్న తేడా వచ్చింది. రెండు లోయల మీదుగా నడిచే మనిషికి తాను ఎప్పుడు ఏ యజమాని భూమిలో ఉన్నాడో తెలియదు. కామన్స్‌లో హద్దురాళ్లు అక్కడక్కడా ఉన్నా కంచెలు లేవు. హక్కు ఉన్నప్పుడు ఈ తేడా అవసరమే రాలేదు.

యజమానుల బాధ ఉత్తుత్తిది అనుకోను. 2020 లాక్‌డౌన్ సడలించిన వేసవిలో డార్ట్‌మూర్‌కు జనం తండోపతండాలుగా వచ్చి, రోడ్ల పక్కనే పెద్ద టెంట్లు వేసి, వాడి పారేసే బార్బెక్యూ ట్రేలతో గడ్డిని మాడ్చి, కొన్నిచోట్ల టెంట్లను కూడా అక్కడే వదిలేసి పోయారు. ఆ చెత్త ఎత్తింది రేంజర్లూ రైతులూ. కానీ వాళ్లు చేసినదానికి 1985 చట్టంలో హక్కు లేదు. రోడ్డు పక్కన టెంట్ వేయడం అప్పటికే నిషేధం. నియమం లేక ఆ చెత్త పేరుకోలేదు, నియమాన్ని అమలు చేసే మనుషులు చాలక పేరుకుంది. పార్కుల బడ్జెట్లు కోసుకుంటూ పోయిన ప్రభుత్వాలను వదిలి, వీపున సంచి వేసుకుని పదిమైళ్లు నడిచి వచ్చినవాడి మీద పడటం నాకు న్యాయంగా కనిపించదు.

నడకకే దిక్కులేని రోజుల నుంచి

ఇంగ్లండ్‌లో ఇంత పట్టింపు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1604 నుంచి 1914 దాకా 5,200కు పైగా ఎన్‌క్లోజర్ బిల్లులతో బ్రిటన్ పార్లమెంటు దాదాపు 68 లక్షల ఎకరాల ఉమ్మడి, బయలు పొలాలకు కంచెలు వేయించింది. ఇంగ్లండ్‌లో సుమారు ఐదో వంతు భూమి అది. పేద రైతుకు మేత పోయింది, పుల్లలేరుకునే చోటు పోయింది. ఫ్యాక్టరీ ఊళ్లలో చేరిన ఆ రైతుల మనవలకు ఆదివారం నడవడానికి కొండ కూడా లేకుండా పోయింది. కొండల్ని యజమానులు గ్రౌస్ పక్షుల వేటకు ఉంచుకున్నారు.

1884లో జేమ్స్ బ్రైస్ అనే ఎంపీ కొండల్లోకి ప్రజలను రానివ్వాలని బిల్లు పెట్టారు. నెగ్గలేదు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్, షెఫీల్డ్ వైపు నుంచి వచ్చిన కొన్ని వందల మంది కార్మిక యువకులు కిండర్ స్కౌట్ అనే పీఠభూమి మీదికి కావాలనే చొరబడ్డారు. నడిపించినవాడు బెన్నీ రాత్‌మన్. వేట కాపలాదారులతో తోపులాట జరిగింది. ఐదుగురికి రెండు నుంచి ఆరు నెలల జైలు పడింది. ఇక్కడ ఒక చట్టపరమైన వింత ఉంది. వాళ్లకు జైలు పడింది చొరబడినందుకు కాదు, అల్లర్లు చేశారన్న ఆరోపణల మీద. ఎందుకంటే ఇంగ్లండ్‌లో ఒకరి భూమిలోకి ఊరికే అడుగుపెట్టడం మామూలుగా నేరం కాదు, సివిల్ తప్పు మాత్రమే. ‘చొరబడితే ప్రాసిక్యూట్ చేస్తాం’ అని గేట్లకు తగిలించే బోర్డులు చాలాచోట్ల ఉత్త బెదిరింపే. డెబ్భై ఏళ్ల తర్వాత, 2002లో, ఆ పీఠభూమి యజమాని మనవడైన అప్పటి డెవన్‌షైర్ డ్యూక్ తన తాత చేసిన పనికి బహిరంగంగా క్షమాపణ చెప్పారు.

1949లో నేషనల్ పార్కుల చట్టం వచ్చింది. 2000లో క్రో అని పొట్టిగా పిలిచే ‘కంట్రీసైడ్ అండ్ రైట్స్ ఆఫ్ వే’ చట్టం వచ్చి కొండలు, బయళ్లు, కామన్స్ మీద తిరిగే హక్కును ఇంగ్లండ్‌లో దాదాపు 8 శాతం నేలకు విస్తరించింది. అందరూ పండగ చేసుకున్నారు గానీ, షెడ్యూల్ చదివితే ఉత్సాహం చల్లారుతుంది. టెంట్ వేయకూడదు, నిప్పు రాజేయకూడదు, ఏట్లో ఈత కొట్టకూడదు, గుర్రం తేకూడదు, సైకిలు తొక్కకూడదు. 1985 నాటి డార్ట్‌మూర్ చట్టంలో ఇలాంటి నిషేధాల జాబితా లేకపోవడమే చివరికి దాన్ని కాపాడింది.

ఇంగ్లండ్, వేల్స్‌లలో కాలిబాటలు, గుర్రపు బాటలు కలిపి దాదాపు 2,25,000 కిలోమీటర్ల ప్రజల దారులు కూడా ఉన్నాయి. ఇది మాత్రం గొప్ప ఆస్తి. మన డొంకలు, పుంతలు రెవెన్యూ నక్షాలో విడిగా గుర్తించిన సర్కారు దారులు. అక్కడి కాలిబాట అలా కాదు. రైతు గోధుమ చేను మధ్యలోంచే పోతుంది, నేల రైతుదే, నడిచే హక్కు అందరిదీ. దున్నినా మళ్లీ దారి ఏర్పరచి ఇవ్వాల్సింది రైతే. మన డొంకలకు ఆ పట్టు లేదు. రెండువైపుల రైతులూ ఏటా చెరో చాలు కలుపుకుంటూ పోతే బండి పోయే దారి పదేళ్లకు గట్టయిపోతుంది.

హద్దు దాటితే స్కాట్లాండ్

ఇంగ్లండ్ వాళ్లు ఇంత తలబద్దలు కొట్టుకుంటుంటే, పక్కనే స్కాట్లాండ్ 2003లో భూసంస్కరణ చట్టంతో సమస్యను తలకిందులు చేసేసింది. అక్కడ ఫలానా చోట తిరగొచ్చు అని జాబితా రాయలేదు. దాదాపు అంతటా తిరగొచ్చు, ఫలానా చోట వద్దు అని రాశారు. ఇళ్ల చుట్టూ ఉన్న ఆవరణలు, పంట ఉన్న చేలు, స్కూలు ప్రాంగణాలు లాంటివి మినహాయింపు. చిన్న టెంట్, కొద్దిమంది, ఒకచోట రెండు మూడు రాత్రులు. మోటారు వాహనానికి మాత్రం హక్కు లేదు. క్యాంపర్ వ్యాన్ వేసుకెళ్లి నాకు హక్కుందంటే కుదరదు.

అసలు షరతు ఒక్కటే, బాధ్యతగా ఉండాలి. బాధ్యత తప్పినవాడికి ఆ క్షణంలో హక్కు ఉండదు. ఇది చదవడానికి బాగుంటుంది గానీ, గ్లాస్గోకు దగ్గరగా ఉన్న లాఖ్ లోమండ్ సరస్సు ఒడ్డున పని చేయలేదు. వారాంతాల్లో తాగి తందనాలు, నరికిన చెట్లు, కాలిన ఒడ్డులు. అందుకని ఆ నేషనల్ పార్కులో ముందు తూర్పు ఒడ్డున, 2017 నుంచి ఇంకొన్ని సరస్సుల ఒడ్డున, మార్చి నుంచి సెప్టెంబరు దాకా పర్మిట్ ఉంటేనే టెంట్ వేయాలన్నారు. ఇది హక్కు ఓడిపోయినట్టని కొందరంటారు. నేను అలా చూడను. రద్దీ ఉన్న కొన్ని ఒడ్డులకు, రద్దీ ఉండే కొన్ని నెలలకు నియమం వచ్చింది. మిగతా దేశం మిగతా ఏడాదంతా తెరిచే ఉంది.

నార్వేలో ఇది 1957 చట్టం. అంతకుముందు నుంచీ ఆచారం. సాగుచేయని నేల మీద ఎవరైనా నడవొచ్చు, మనుషులున్న ఇంటికి 150 మీటర్ల అవతల టెంట్ వేయొచ్చు, రెండు రాత్రులు దాటితే అడగాలి. ఊళ్లకు దూరంగా ఎత్తు కొండల్లో ఆ రెండు రాత్రుల పట్టింపు కూడా లేదు. ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా అడవిలో నిప్పు వద్దు. వాళ్ల చట్టంలో నాకు ముచ్చటేసేది పళ్ల సంగతి. అడవి పళ్లు ఎవరైనా కోసుకోవచ్చు. కానీ ఉత్తరాన క్లౌడ్‌బెర్రీ అనే పసుపు పండుకు ధర ఎక్కువ. అక్కడ యజమాని కోయొద్దని చెప్పొచ్చు. చెప్పినా సరే, నడుస్తూ అక్కడికక్కడ తినేవాణ్ణి ఆపకూడదు. ఇంటికి మోసుకెళ్లడం వేరు, నోట్లో వేసుకోవడం వేరు అని చట్టమే గీత గీసింది. స్వీడన్ అయితే ఈ హక్కును 1994లో రాజ్యాంగంలోకే ఎక్కించింది.

అయితే ఆ దేశాల చట్టాన్ని తెచ్చి ఇంగ్లండ్‌లో పెట్టేస్తే సరిపోతుందా? నార్వేలో జనం పలచన, అడవీ కొండా ఎక్కువ. ఇంగ్లండ్‌లో ఇరుకు. యజమానుల సంఘాలు చెప్పే ఈ మాటలో పస ఉంది. దానికి జవాబు కూడా అక్కడే ఉంది. లాఖ్ లోమండ్ లాగా ఇరుకున్నచోట నియమం బిగించొచ్చు. లేబర్ పార్టీ ప్రతిపక్షంలో ఉండగా స్కాట్లాండ్ తరహా హక్కు తెస్తామని చెప్పి, 2023లోనే ఆ మాట వెనక్కి తీసుకుంది.

మన దగ్గర

భారతదేశంలో ఊరికే తిరగడానికి హక్కు ఏ చట్టంలోనూ లేదు. రిజర్వ్ ఫారెస్టులో అనుమతి లేకుండా అడుగుపెట్టడమే నేరం. అభయారణ్యాల్లోకి వెళ్లాలంటే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పర్మిట్ కావాలి. ప్రైవేటు భూమిలో చొరబాటు నేరం కావాలంటే మాత్రం బెదిరించడం, అవమానించడం, నేరం చేయడం లాంటి ఉద్దేశం ఉండాలి. భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్‌లోనూ అదే కొనసాగింది. అంటే దారిన పోతూ ఒకరి చేలో చెట్టు కింద కూచున్నవాడు నేరస్తుడు కాదు. కానీ లేచి పొమ్మంటే పోవాల్సిందే.

హక్కు లేకపోయినా మనవాళ్లు తిరగలేదా అంటే తిరిగారు, ఆచారం పేరుతో. ఉగాదికి కర్ణాటక నుంచి వచ్చే మల్లన్న భక్తులు నల్లమలలో వెంకటాపురం దగ్గర అడవిలోకి దిగి, నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా కాలినడకన శ్రీశైలం చేరతారు. దారిలో అన్నదాన పందిళ్లుంటాయి. రాత్రయితే అడవిలోనే దుప్పటి పరుచుకుని పడుకుంటారు. అది పులుల అభయారణ్యం. ఏటా కొన్ని రోజులు మాత్రమే అటవీశాఖ ఆ దారి తెరుస్తుంది. నాగర్‌కర్నూల్ జిల్లా సలేశ్వరం జాతరా అంతే, చైత్ర పౌర్ణమి చుట్టూ ఉన్న కొద్దిరోజులే అడవి గేట్లు తీస్తారు. ఇది అచ్చంగా అనుమతే, హక్కు కాదు. ఈ ఏడాది ఎన్ని రోజులన్నది అధికారి నిర్ణయం.

బతుకుదెరువు కోసం తిరిగేవాళ్ల సంగతి వేరు. పాలమూరు, రాయలసీమ వైపు నుంచి గొర్రెల కాపరులు ఎండాకాలం మందలు తోలుకుని డెల్టా వైపు వస్తారు. కోతలయిన చేలో రాత్రికి మంద పెట్టించుకోవడం రైతుకూ లాభమే. ఎరువు దక్కుతుంది కాబట్టి డబ్బో ధాన్యమో రైతే కాపరికి ఎదురు ఇస్తాడు. ఇంగ్లండ్ యజమానికి ఇది చెబితే నమ్ముతాడో లేదో. కాపరికి చిక్కు వచ్చేది పొలాల్లో కాదు, అడవి అంచున. 2006 అటవీ హక్కుల చట్టం సంచార పశుపోషకుల రుతువారీ మేత హక్కును గుర్తించింది. కాగితం మీద ఉన్న ఆ హక్కును ఊరి పేరుతో రాయించుకోవడం మాత్రం చాలాచోట్ల ఇప్పటికీ జరగలేదు.

నియమాలతో కూడిన హక్కు లేనిచోట ఏమవుతుందో హిమాలయాల్లో ట్రెక్‌లకు వెళ్లే తెలుగువాళ్లకు బాగా తెలుసు. ఉత్తరాఖండ్‌లో ఎత్తైన పచ్చిక బయళ్ల మీద, బుగ్యాల్ అంటారు, ట్రెక్కింగ్ కంపెనీలు శాశ్వత టెంట్లు పాతేసి చెత్త పోగేశాయి. 2018 ఆగస్టులో అక్కడి హైకోర్టు బుగ్యాల్స్ మీద రాత్రి బసనే నిషేధించింది. రూప్‌కుండ్ సరస్సుకు వెళ్లే ట్రెక్ దారి అలాగే ఆగిపోయింది. కంపెనీ పాతిన వందమంది క్యాంపుకూ, ఒంటరిగా ఒక్క రాత్రి పడుకుని పొద్దున్నే లేచిపోయేవాడికీ ఆ తీర్పులో తేడా లేదు. ఆ తేడా రాసిపెట్టే చట్టమే మనకు లేదు కాబట్టి, కోర్టు చేతిలో మిగిలింది మొత్తం మూసేయడం ఒక్కటే.

ఇప్పుడు వెళితే

బ్రిటన్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు డార్ట్‌మూర్ వెళ్లాలనుకుంటే తీర్పు తర్వాత లెక్క ఇదీ. కామన్స్ అంతటా టెంట్ వేయొచ్చని కాదు, కొన్నిచోట్ల వీల్లేదు. పార్క్ అథారిటీ వెబ్‌సైట్‌లో మ్యాపు ఉంటుంది, ముందురోజే చూసుకోవాలి. రోడ్డుకు 100 మీటర్ల అవతల, ఇళ్లకు కనపడకుండా, వీపున మోసుకెళ్లగల చిన్న టెంట్. పదిమంది కలిసి కార్లలో పెద్ద ఫ్యామిలీ టెంట్లతో వెళితే అది ఈ హక్కు కిందికి రాదు. మంట వేయకూడదు. చిన్న గ్యాస్ స్టవ్ మీద టీ, నూడుల్స్ చాలు, బిర్యానీ ఇంటికొచ్చి వండుకోవచ్చు. ఉత్తర డార్ట్‌మూర్‌లో ఓక్‌హాంప్టన్, మెరివేల్, విల్స్‌వర్తీ అనే మూడు చోట్ల సైన్యం నిజమైన తూటాలతో సాధన చేస్తుంది. ఎర్రజెండా ఎగిరినా, రాత్రిపూట ఎర్రదీపం వెలిగినా లోపలికి పోకూడదు. కాల్పుల వేళలు ముందే ప్రకటిస్తారు.

వాయవ్య ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్ కొండల్లో మాత్రం పొలాల గోడలు దాటి ఇంకా ఎత్తున వేసుకుంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. చీకటి పడ్డాక వేసి తెల్లారకముందే మడిచేయడం అక్కడి పద్ధతి. కానీ రైతు వచ్చి తీసేయమంటే వాదించకుండా తీసేయాలి. అక్కడ 1985 నాటి డార్ట్‌మూర్ చట్టం లాంటిది లేదు.